డైరెక్టరుగారికి దరువు

ఆ రోజు ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకు ఆఫీసుకు వెళ్లాలి. మధ్యాహ్నం బస్‌స్టాండుకు వెళ్లి భార్యను తీసుకురావాలి. సాయంత్రం డైరెక్టరుగారి వీడ్కోలు సభలో డోలు వాయించాలి. సభ అయ్యాక భార్యను మళ్లీ బస్సెక్కించాలి. వీటిలో ఆఫీసుకు వెళ్లడం, భార్యను బస్సెక్కించడం అతనికి బాగా అలవాటైన పనులు.

అతను ఒక లిఫ్టుల కంపెనీలో పనిచేస్తాడు. లిఫ్టులు తయారుచేసే విభాగం కాదు, బాగుచేసే విభాగమూ కాదు. ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడే విభాగం. ఊళ్లో ఏ మేడలో లిఫ్టు మధ్యలో ఆగినా, లోపలివాళ్లు ఎర్ర బటన్ నొక్కితే ఇతని బల్ల మీది ఫోను మోగుతుంది. మెకానిక్ చేరేదాకా వాళ్లు ఏడవకుండా, తలుపులు తన్నకుండా, కంపెనీని తిట్టకుండా చూసుకోవడం ఇతని ఉద్యోగం. "నమస్కారమండీ. భయపడకండి. మీరు ఒంటరిగా లేరు. నేను మీతోనే ఉన్నాను" అని మొదలుపెట్టేవాడు. ఆ మాటలతో కుదుటపడకపోతే ఫోను పక్కన బల్ల మీద వేళ్లతో మెల్లగా దరువు వేసేవాడు. చిన్నప్పుడు మేనమామ దగ్గర డోలు నేర్చుకున్న చెయ్యి అది. కాసేపటికి లోపలి మనిషి ఊపిరి తనకు తెలియకుండానే ఆ దరువుతో కలిసి నడిచేది. ఒక ముసలావిడ అయితే తలుపు తెరిచాక కూడా బయటికి రాకుండా "ఇంకాస్సేపు వాయించు నాయనా" అని కూర్చుంది.

ఇంతమందికి తోడుండే మనిషికి ఇంట్లో తోడు లేదు. భార్యకు కొండల అవతలి ఊళ్లో, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. పెళ్లయిన మరుసటి ఏడే వచ్చింది. "నువ్వు ముందు వెళ్లు, నేను బదిలీ చేయించుకుని వెనకాలే వస్తా" అన్నాడు ఇతను. ఆ వెనకాలకు ఎనిమిదేళ్లు నిండాయి. కంపెనీకి ఆ ఊళ్లోనూ శాఖ ఉంది. కూతురు అక్కడే పుట్టి, అక్కడే బళ్లో చేరింది. "మీ నాన్నగారు ఎక్కడుంటారమ్మా?" అని టీచరు అడిగితే "ఫోన్లో ఉంటారండీ" అందట. భార్య ఈ సంగతి నవ్వుతూ చెప్పింది. ఇతనూ నవ్వాడు. ఫోను పెట్టేశాక ఎవరేం చేశారో ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఏటా అతను బదిలీకి దరఖాస్తు పెట్టుకునేవాడు. ఏటా డైరెక్టరుగారు పిలిచి, ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యి వేసి, "చెయ్యగలిగిందంతా చేశానయ్యా. పైవాళ్లు కదలడం లేదు" అనేవారు. ఒకసారి ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. తన కోసం పైవాళ్లతో అంతగా పోరాడిన మనిషి పదవీ విరమణ చేస్తుంటే ఒక పూలదండతో సరిపెట్టడానికి గుమాస్తాకు మనసొప్పలేదు. అటక మీది డోలు దింపి, కొత్త తోలు వేయడానికి ఇచ్చాడు. భార్యను కూడా రమ్మన్నాడు.

"మనకి బదిలీ ఇప్పించలేని మనిషికి అంత మర్యాదెందుకండీ?" అంది ఆవిడ ఫోన్లో.

"ఇప్పించలేకపోయారు సరే, ప్రయత్నించారు కదా. ఈ రోజుల్లో అది మాత్రం ఎవరు చేస్తున్నారు?"

ఆవిడ సెలవు పెట్టి, పిల్లను చెల్లెలి దగ్గర దింపి, రాత్రి బస్సెక్కి మధ్యాహ్నందాకా కూర్చుని రావడానికి ఒప్పుకుంది. డైరెక్టరు కోసం కాదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి విన్న ఆ డోలు మళ్లీ వినాలని.

ఆఫీసులో పొద్దుటి హడావిడి తగ్గాక, కాస్త సందు దొరికితే, గుమాస్తా తన సొంత ఫోనులోంచి డోళ్లు బాగుచేసే ముసలాయనకు ఫోన్ చేశాడు. ముసలాయనకు చెవుడు. అరిచి చెబితే గాని వినపడదు.

"మామా, పాత తోలు మొత్తం ఊడదీశావా? అదీ. ఈసారి గట్టిగా బిగించు. దెబ్బ పడితే హాలంతా మోగాలి. ఇవాళ సాయంత్రమే మామా, మా డైరెక్టరుగారికి. ఏళ్ల తరబడి చేతులు దురద పెడుతున్నాయి, ఇవాళ్టితో తీరుతుంది. ముందు మెల్లగా మొదలుపెడతా. మధ్యలో ఊపిరి తీసుకోనివ్వను. ఆఖర్న ముక్తాయింపు పడితే పెద్దాయన కుర్చీలో ఉండకూడదంతే. కర్రలు కూడా పట్రా. వెదురువి వద్దు, విరుగుతాయి. మా ఆవిడ కూడా చూడ్డానికి వస్తోంది. దరువంటే ఏంటో ఇవాళ వీళ్లందరికీ తెలుస్తుంది."

చెక్క అడ్డుగోడకు అవతల స్టోరు కీపరు కప్పీలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆఫీసులో అతన్ని రేడియో అనేవాళ్లు. అతని చెవిన పడింది ఊరంతా వింటుందని ఆ పేరు. గుమాస్తా అన్న ప్రతి మాటా అతను విన్నాడు. డోలు అన్న మాట ఒక్కటే వినలేదు, ఎందుకంటే డోళ్లు బాగుచేసేవాడితో మాట్లాడుతూ అది డోలు అని ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు.

రేడియో కప్పీలు వదిలేసి అకౌంటెంటు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"అన్నా, మన గుమాస్తా సాయంత్రం డైరెక్టరుకి దరువు వేస్తాడట."

"ఏం దరువు?"

"ఏం దరువేంటన్నా. తోలు ఊడదీసే దరువు. కర్రలు కూడా చెప్పాడు. వెదురువైతే విరుగుతాయని గట్టివి తెప్పిస్తున్నాడు."

"నోట్లో నాలుక లేని మనిషి కదయ్యా అతను."

"నాలుక లేదన్నా. చేతులున్నాయి. పెళ్లాన్ని కూడా పిలిపించుకున్నాడు, చూడ్డానికి."

అకౌంటెంటు ఆలోచనలో పడ్డాడు. ఇది పోలీసులకు చెప్పాలా, డైరెక్టరుకు చెప్పాలా, హాల్లో ముందు వరసలో కుర్చీ ఆపుకోవాలా అన్నది వెంటనే తేలలేదు. తేలేలోపు ఎందుకైనా మంచిదని వెళ్లి ముందు వరసలో ఒక కుర్చీ మీద చేతిరుమాలు పరిచి వచ్చాడు.

భోజనాల వేళకు ముందే కబురు ఆఫీసంతా పాకింది. ఒక్కరు కూడా గుమాస్తా దగ్గరికి వెళ్లి నిజమేనా అని అడగలేదు. అడిగితే ఎక్కడ మానుకుంటాడోనని భయం. ఎన్నడూ పలకరించనివాళ్లు పలకరించారు. ఎవరో టీ తెచ్చి బల్ల మీద పెట్టారు. టైపిస్టు అటుగా వెళుతూ వంగి, "మా తరఫున కూడా రెండు గట్టిగా పడాలి అన్నయ్యా" అంది. ఈ అమ్మాయికి సంగీతం మీద ఇంత ఇష్టమని ఇన్నాళ్లూ తెలియలేదే అనుకుని గుమాస్తా మురిసిపోయాడు.

డైరెక్టరుగారికి ఈ సంగతి చేరవేసింది ఆయన పి.ఎ. అతనికి యజమాని మీద ప్రేమ ఉండి కాదు. చెప్పకపోతే తరవాత తన మీదికి వస్తుందని.

"దరువంటే?" అన్నారు డైరెక్టరుగారు.

"కొట్టడం సార్. కాకపోతే ఒక పద్ధతిగా, ఆగకుండా."

"ఎవరు కొడతారు?"

పి.ఎ. చెప్పాడు. ఆ మనిషి పేరు వినగానే డైరెక్టరుగారు పగలబడి నవ్వుతారనుకున్నాడు. నవ్వలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "తెలిసిపోయిందన్నమాట" అని తనలో తాను గొణుక్కున్నారు.

"పోలీసులకి ఫోన్ చెయ్యమంటారా సార్?"

"వద్దు. వాళ్లొస్తే ఎందుకు కొడతానన్నాడని అడుగుతారు."

పి.ఎ. ఇది కూడా విన్నాడు, విననట్టు నిలబడ్డాడు. ఆ విద్యతోనే అతను ఆ కుర్చీలో అన్నేళ్లు నెగ్గుకొచ్చాడు.

డైరెక్టరుగారు గుక్కెడు నీళ్లు తాగి, ఆఫీసు ఫోనులో గుమాస్తాను పిలిచారు. "ఏమయ్యా, సాయంత్రం ఏదో తలపెట్టావట."

"అయ్యో, మీకు చెప్పేశారా సార్? ముందుగా తెలియకూడదనుకున్నాను."

"మనం కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా."

"మాటలెందుకు సార్. నాకు మాటలు సరిగ్గా రావు. నా చేతులే చెప్తాయి."

"నేను నీకేం చేశానని?"

"అలా అనకండి సార్. మీరు నా విషయంలో ఏం చేశారో నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు. దాన్ని ఉంచుకోకూడదు సార్, ఇచ్చెయ్యాలి. మీరు వెళ్లిపోయేలోపు ఎలాగైనా ఇచ్చెయ్యాలనే ఈ ఏర్పాటు." గుమాస్తా ఫోను మరో చెవికి మార్చుకున్నాడు. "మీరు ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చోండి సార్. అక్కడైతే దెబ్బ బాగా తెలుస్తుంది."

డైరెక్టరుగారు ఫోను పెట్టేశారు. పెట్టే చోట పెట్టలేక రెండుసార్లు పక్కన పెట్టారు. పి.ఎ.ని పిలిచి, లోపలికి ఎవరూ కర్రలు తేకుండా చూడమని గేటు దగ్గర చెప్పించారు.

మధ్యాహ్నం బస్సు దిగిన భార్య గుమాస్తాను పైనుంచి కిందికి చూసి, "సన్నబడ్డారు" అంది.

"నువ్వూ సన్నబడ్డావు."

"కలిసినప్పుడల్లా ఇదే అనుకుంటున్నాం. అదే నిజమైతే ఈపాటికి ఇద్దరం కనపడకుండా పోవాలి."

ఇద్దరూ నడిచి ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి డోలు ముసలాయన అక్కడే నిలబడి ఉన్నాడు. చంకలో దుప్పట్లో చుట్టిన పెద్ద మూట, చేతిలో నున్నగా చెక్కిన రెండు కర్రలు. గేటు కాపలా మనిషి ఆ కర్రల వంక చూసి, గుమాస్తా వంక చూశాడు.

"ఇవెందుకండీ?"

"సాయంత్రం దరువుకి."

కాపలా మనిషి ఒకసారి తన వెనక్కి తిరిగి చూసుకున్నాడు. అక్కడ ఒకప్పుడు కుర్చీ ఉండేది. కాపలావాడు కూర్చుంటే కంపెనీకి చులకన అని డైరెక్టరు తీయించేశాడు. అప్పటినుంచి అతను పొద్దస్తమానం నిలబడే ఉంటున్నాడు.

"నా కళ్లకేం కనపడలేదు. వెళ్లండి" అన్నాడు. రెండడుగులు వేశాక మళ్లీ పిలిచి, "ఎన్నింటికండీ?" అని అడిగాడు.

"నాలుగింటికి."

"ఎవరినైనా ఇక్కడ నిలబెట్టి వస్తా."

సభ వేళకు చాలా ముందే హాలు నిండిపోయింది. ఆ కంపెనీలో ఏ సభకూ అంతమంది రాలేదు. సెలవులో ఉన్నవాళ్లు వచ్చారు. చంటిపిల్లను ఎత్తుకుని ఒకావిడ వచ్చింది. వేదిక మీద శాలువా, దండ, గోడగడియారం సిద్ధంగా ఉన్నాయి. ప్రధాన కార్యాలయం నుంచి ఒక పెద్ద అధికారి దారిలో ఉన్నాడని కబురు. లేనిదల్లా డైరెక్టరే.

డైరెక్టరుగారు తన గది తలుపు సందులోంచి చూస్తున్నారు. మెట్లు దిగితే గుమాస్తా కూర్చునే ఫిర్యాదుల విభాగం ముందు నుంచి వెళ్లాలి. పెద్ద లిఫ్టు హాలు గుమ్మంలోనే తెరుచుకుంటుంది. ఇక మిగిలింది వెనక వసారాలో సామాన్లు మోసే లిఫ్టు. అది ఎక్కి వెనక గేటు దాటి ఇంటికి చేరితే, ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి చెప్పొచ్చు. ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్లి అందులోకి దూరారు. ఆ లిఫ్టు సొంత కంపెనీది కాబట్టి దాన్ని బాగుచేయమని ఫిర్యాదు చేసే దిక్కు లేదు. ఒక అంతస్తు దిగి, తరవాతి అంతస్తుకు చేరకముందే ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. దీపం కూడా పోయింది. ఆ చీకట్లో వెలుగుతున్నది ఎర్ర బటన్ ఒక్కటే.

ఫోను మోగేసరికి గుమాస్తా డోలు మెడకు తగిలించుకుని బిగువు చూసుకుంటున్నాడు. భార్య పక్కన నిలబడి అతని చొక్కా కాలరు సరిచేస్తోంది. చేతులు ఖాళీ లేక అతను స్పీకరు నొక్కాడు.

"నమస్కారమండీ. భయపడకండి. మీరు ఒంటరిగా లేరు. నేను మీతోనే ఉన్నాను."

అవతల నుంచి సన్నటి ఏడుపు వినపడింది.

"లోపల ఎంతమందున్నారండీ?"

"నేనొక్కణ్ణే. నువ్వే ఆపావు కదూ?"

గుమాస్తా గొంతు గుర్తుపట్టాడు. "సార్, మీరా? మీరు అందులోకెందుకెక్కారు సార్? పైన అందరూ మీకోసమే కూర్చున్నారు."

"తెలుసయ్యా. ఎందుకు కూర్చున్నారో కూడా తెలుసు."

"కంగారు పడకండి. మెకానిక్‌ని పిలిపించి తలుపు తీయిస్తా. నేనే వచ్చి చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్తా."

"వద్దు. తలుపు తియ్యొద్దు."

అన్నేళ్ల ఉద్యోగంలో ఇరుక్కున్న మనిషి తలుపు తియ్యొద్దనడం గుమాస్తా మొదటిసారి విన్నాడు. భయం ముదిరి మతి తప్పుతోందనుకుని, అలవాటు ప్రకారం దరువు మొదలుపెట్టాడు. బల్లకు బదులు ఇవాళ వేళ్ల కింద డోలు ఉంది. కొత్త తోలు. ఎంత మెల్లగా కొట్టినా ఆ చీకటి డబ్బాలో అది తలుపు బాదినట్టు వినపడింది.

"ఏంటది?"

"దరువు సార్. మీకోసమే."

"ఆపవయ్యా. నీ కాళ్లు పట్టుకుంటా, ఆపు. అంతా చెప్పేస్తా. నీకు తెలిసిపోయిందని పొద్దున్నే అర్థమైంది. నీ దరఖాస్తులు నేను పైకి పంపలేదు."

వేళ్లు ఆగాయి. "ఏ దరఖాస్తులు సార్?"

"అన్నీ. ఒక్కటీ పంపలేదు. నువ్వొకడివి ఉన్నావని కూడా పైవాళ్లకి తెలీదు."

డైరెక్టరు ఏమైపోయాడో వెతుక్కుంటూ వచ్చిన జనం అప్పటికే గుమ్మంలో మూగారు. ముందు రేడియో, అతని భుజం మీదుగా అకౌంటెంటు, వెనక టైపిస్టు. ఆ వెనక గేటు వదిలొచ్చిన కాపలా మనిషి.

"ఎందుకు సార్?" అన్నాడు గుమాస్తా. ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడే గొంతుతోనే అన్నాడు. అతనికి ఫోన్లో వేరే గొంతు లేదు.

"నువ్వు ఫోనెత్తితే జనం తిట్టరు. కేసులు పెట్టరు. కొందరు థాంక్స్ కూడా చెప్తారు. నువ్వు వెళ్లిపోతే లిఫ్టులు బాగుచేయించాల్సొచ్చేదయ్యా."

"మరి ఆ రోజు, మీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

"ఆ రోజు నాకు జలుబు."

గుమాస్తా భార్య వంక చూడలేదు. చూడడానికి అతనికి ముఖం చెల్లలేదు. తప్పు చేసినవాడు లిఫ్టులో ఉంటే సిగ్గు ఇతన్ని కాల్చేస్తోంది. ఎనిమిదేళ్లపాటు ఫోన్లో ఆవిడకు ఆ మనిషి మంచితనం గురించి చెప్పింది తనే. పిల్ల మొదటి అడుగు వేసిన రోజున కూడా, డైరెక్టరుగారు ఈసారి గట్టిగా రాశారు అని చెప్పాడు.

భార్య కాలరు మీద చెయ్యి తీయలేదు. "మెకానిక్‌ని పిలిచారా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"పిలవండి. మీ పని మీరు చెయ్యండి."

అతను పిలిచాడు. మెకానిక్ ఊరి ఆ చివర ఉన్నాడు, రావడానికి చాలాసేపు పడుతుందన్నాడు.

"సరే, అతను వచ్చేదాకా ఖాళీయే కదా" అంది ఆవిడ. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. "నేను ఇంత దూరం వచ్చింది వినడానికి. వాయించండి."

గుమాస్తా ఫోనును బల్ల అంచుకు జరిపి, డోలు దానికి ఎదురుగా తిప్పి, కర్రలు అందుకున్నాడు. మెల్లగా మొదలుపెట్టాలన్న ఏర్పాటు మర్చిపోయాడు. మొదటి దెబ్బకే అడ్డుగోడ అదిరింది. తరవాత ఏం వాయించాడో అతనికే తెలియదు. మేనమామ నేర్పినవి కొన్ని, బల్ల మీద ఎవరెవరి భయానికో తోడు వేసినవి కొన్ని, పిల్లను ఎత్తుకుని ఆడించడానికి దాచుకుని వాడని చిన్న చిన్న జతులు కొన్ని. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. స్పీకరులోంచి "అయ్యో, అమ్మో" అని మధ్యమధ్య వినపడుతుంటే అది తాళం తప్పకుండా పడుతున్నట్టే అనిపించింది. లిఫ్టు దిగే బావిలోంచి ఆ మోత మేడంతా పాకింది. భార్య కళ్లు మూసుకుని వింది. రెండు చెంపల మీదా నీళ్లు కారుతున్నాయి గాని ముఖం మాత్రం రాయిలా ఉంది.

ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన అధికారి పెద్ద లిఫ్టు దిగేసరికి హాలు ఖాళీగా ఉంది. ఆయన శబ్దాన్ని పట్టుకుని ఫిర్యాదుల విభాగానికి వచ్చాడు. అక్కడ ఆఫీసంతా నిలబడి ఉంది, ఒక ఉద్యోగి ఫోనుకు ఎదురుగా డోలు బాదుతున్నాడు, ఫోనులోంచి ఎవరో ఏడుస్తున్నారు. ముక్తాయింపు పడి చప్పుడు ఆగగానే అకౌంటెంటు ఒళ్లు మరిచి చప్పట్లు కొట్టాడు. అధికారిని చూసి, ఆ చప్పట్లను దోమను చంపినట్టుగా ముగించాడు.

మెకానిక్ వచ్చి తలుపు తీశాక డైరెక్టరును ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. "కొట్టాడు. ఆపకుండా కొట్టాడు" అన్నాడు. డాక్టరు చొక్కా విప్పించి వెతికితే గీత కూడా కనపడలేదు. శాలువా, దండ, గోడగడియారం ఆయన ఇంటికి పంపించారు.

మరుసటి వారం విచారణ జరిగింది. ఆ అధికారే విచారణాధికారి. సాక్షులను ఒక్కొక్కరినీ పిలిచాడు. ఫోనులో డైరెక్టరు ఏం చెప్పాడని అడిగితే, రేడియో తనకు ఆ చెవి సరిగ్గా వినపడదన్నాడు. అకౌంటెంటు డోలు మోతలో ఏమీ తెలియలేదన్నాడు. టైపిస్టు తల వంచుకుని, తాను వెనక ఉన్నానంది. కాపలా మనిషి ఒక్కడే, "దరఖాస్తులు పంపలేదన్నారండీ" అన్నాడు. గేటు వదిలి పైకి ఎందుకు వచ్చావని అతనికి వేరే మెమో ఇచ్చారు. డైరెక్టరు మాటలు ఈ విచారణ పరిధిలోకి రావని అధికారి తేల్చి, గుమాస్తాను పిలిచాడు.

"మీరు డైరెక్టరుగారికి దరువు వేస్తానన్నారా?"

"అన్నానండీ."

"వేశారా?"

"వేశానండీ. డోలు మీద."

అధికారి పద్ధతైన మనిషి. నిఘంటువు తెప్పించి పెట్టుకున్నాడు. వేలు పెట్టి పైకి చదివాడు. "దరువు. వాద్యముపై లయబద్ధముగా కొట్టు దెబ్బ. ఆ దెబ్బ వలన పుట్టు ధ్వని." పుస్తకం మూశాడు. "దెబ్బ అని స్పష్టంగా ఉంది."

"వాద్యం మీద అని కూడా ఉందండీ."

"దేని మీద కొట్టారని నేను అడగడం లేదు. ఎవరికి కొట్టారన్నది ప్రశ్న. పైగా లయబద్ధంగా అని ఉంది. అంటే ఆవేశంలో కొట్టింది కాదు. ఒక లెక్క ప్రకారం, ముందే అనుకుని కొట్టింది."

ఆలోచిస్తే ఆ ఒక్క మాటలో అధికారి పొరబడలేదేమో అని గుమాస్తాకు అనిపించింది. మొదట్లో తను అనుకున్న దరువు వేరు, చివరికి వేసింది వేరు. రెంటికీ నిఘంటువులో ఒకటే మాట ఉంటే అది తన తప్పు కాదు, అధికారి తప్పూ కాదు.

"ఉద్యోగం తీసెయ్యాలి నిజానికి" అన్నాడు అధికారి. "ఫిర్యాదుల్లో మీమీద ఒక్క మచ్చ లేదు కాబట్టి శిక్ష తగ్గిస్తున్నాను. కొండల అవతల మనకో శాఖ ఉంది. ఊరి మొత్తానికి నాలుగు లిఫ్టులు. ఎవరిని వెయ్యబోయినా ఏడుస్తారు. రేపే వెళ్లి చేరండి."

గుమాస్తా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆ బల్ల ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎనిమిదేళ్ల ఏడుపు అది. అధికారి ఇబ్బందిగా నీళ్ల గ్లాసు ముందుకు జరిపాడు. మనిషి చెడ్డవాడు కాదు, పశ్చాత్తాపం కళ్లారా చూశాడు.

అందుకే సంతకం పెట్టబోతూ ఆగి, ఉత్తర్వు కింద తన చేత్తోనే ఒక వాక్యం చేర్చాడు: ప్రవర్తన సంతృప్తికరంగా ఉన్నచో ఈ ఉద్యోగిని ఏడాది తిరగకముందే ఇక్కడికి వెనక్కి తీసుకోవలెను.